తాతయ్య పంచె, రెంబ్రాంట్ రాత్రి

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్ మీద పడ్డప్పుడు మా ఇంట్లో నడుం పైకి నీళ్లొచ్చాయి. ఫ్రిజ్, పరుపులు, బీరువా కింది అరలో ఉన్న పట్టుచీరలు అన్నీ పోయాయి, అవి పోతాయని మొదటి రోజే అర్థమైంది కాబట్టి ఇక్కడ ఏడవను. హాల్లో మాత్రం తాతయ్య పటం ఉండేది. ఫోటో కాదు. గాంధీనగర్‌లో సినిమా బోర్డులు రాసే ఆర్టిస్టు ఒకాయన ఫోటో చూసి కాన్వాసు మీద వేసిన నిలువెత్తు ఆయిల్ పెయింటింగ్. దాని కింది మూరెడు నాలుగు రోజులు నీళ్లలోనే నానింది.

నీళ్లు తీశాక మేమంతా బురద ఎత్తిపోస్తుంటే నాన్న దాన్ని దించి, సబ్బునీళ్లు కలుపుకుని, గిన్నెలు తోమే పీచుతో తోమేశారు. నేను చూసేసరికి తాతయ్యకి చెప్పులు లేవు. "బురదంతా పోయింది చూశావా" అన్నారు ఆయన, ఎంతో తృప్తిగా.

పాత పెయింటింగులు ఎలా బాగుచేస్తారా అని ఆ రాత్రి ఫోన్లో వెతకడం మొదలుపెట్టినదాన్ని ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియంలో ఉన్న, డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ వేసిన 'నైట్ వాచ్' దగ్గర చిక్కుకుపోయాను, ఇంకా బయటికి రాలేదు. 1642 నాటి బొమ్మ, దాదాపు పన్నెండున్నర అడుగుల ఎత్తు, పదిహేను అడుగుల వెడల్పు, ఊరి కాపలా దళం బయల్దేరుతున్న దృశ్యం. 2019 జులైలో దాని చుట్టూ అద్దాల గది కట్టి, జనం చూస్తుండగానే పని మొదలుపెట్టారు. పాత వార్నిష్ తీయడం ఎప్పుడు మొదలైందో తెలుసా? 2024 నవంబరులో. అంటే మా ఇంట్లో గోడలు ఇంకా చెమ్మ కక్కుతున్న రోజుల్లోనే. మధ్యలో ఐదేళ్లూ ఏం చేశారయ్యా అంటే, చాలావరకు చూశారు.

చూడటమంటే ఏదో కళ్లజోడు పెట్టుకుని చూడటం కాదు. 8,439 ఫోటోలు తీసి, కలిపి కుట్టి, 717 గిగాపిక్సెళ్ల ఒకే ఫోటో చేశారు. ఎక్స్‌రేలు పంపి ఏ చోట ఏ మూలకం ఉందో మ్యాపు గీసే యంత్రంతో 56 సార్లు స్కాన్ చేశారు, ఒక్కో స్కాన్‌కి 24 గంటలు. అలా కాల్షియం ఎక్కడుందో చూస్తే అడుగున సుద్ద ఎక్కువున్న రంగుతో రెంబ్రాంట్ వేసుకున్న మొదటి గీతలు బయటపడ్డాయి. ఒకాయన హెల్మెట్‌కి ముందు ఈకలు పెట్టి, తర్వాత ఎందుకో వద్దనుకుని కప్పేశాడు.

దానికి 'నైట్ వాచ్' అనేది తర్వాతెప్పుడో జనం పెట్టిన పేరు. వార్నిష్ నల్లబడి, పైన మురికి పట్టి, పగలు కాస్తా రాత్రయిపోయింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత శుభ్రం చేస్తే గానీ అది పగటి వెలుతురని తేలలేదు. అసలు కెప్టెన్ చాచిన చెయ్యి నీడ పక్కనున్న లెఫ్టినెంటు పసుపు కోటు మీద పడుతూనే ఉంది, అంత ఎండ రాత్రిపూట ఎక్కడిది? ఆ వెనకాలే వెలుగులో మెరిసిపోతూ ఒక పిల్ల నడుముకి కోడిని తలకిందులుగా వేలాడదీసుకుని ఉంటుంది. ఆ కోడి గోళ్లు ఆ దళానికి గుర్తట. మన వాళ్లు చూస్తే పందెంకోడి అనుకుంటారు.

అలాగని వార్నిష్‌ని తిట్టడానికీ లేదు. 1990లో ఒకడు ఈ బొమ్మ మీద యాసిడ్ కొడితే అది వార్నిష్ దగ్గరే ఆగింది, సెక్యూరిటీ వాళ్లు వెంటనే నీళ్లు కొట్టారు, రంగులు బతికాయి. అంతకుముందు 1975లో ఇంకొకడు కత్తితో చీరేశాడు. 1715లో అయితే టౌన్‌హాల్‌కి మార్చేటప్పుడు గోడకి పట్టలేదని నాలుగు వైపులా కత్తిరించేశారు, ఎడమ పక్క ఉన్న మనుషులు మనుషులే పోయారు. అది చదివాక నాన్న మీద కోపం సగం తగ్గింది.

2023లో బయటపెట్టిన సంగతి మాత్రం నాకు సరిగ్గా తగిలింది. రంగు వేసే ముందు రెంబ్రాంట్ కాన్వాసుకి సీసం కలిసిన నూనె పట్టించాడు. బొమ్మ వేలాడాల్సింది బయటి గోడకి, దానికి చెమ్మెక్కువ, మామూలుగా పట్టించే జిగురు చెమ్మకి చెడిపోతుంది, అందుకే అలా చేసుంటాడని పరిశోధకుల అంచనా. ఆయన ఒక్క గోడ గురించి అంత ఆలోచించాడు. మేము బుడమేరు పక్కన ఇల్లే కట్టుకుని ఏమీ ఆలోచించలేదు.

ఇప్పుడు అక్కడ, కొలిచి ద్రావకం పట్టించిన పల్చటి గుడ్డని కాసేపు బొమ్మ మీద పరిచి, వార్నిష్ అందులోకి పీల్చుకున్నాక, మిగిలింది దూది పుల్లలతో తీస్తున్నారు. మా పటానికి పదిహేనేళ్ల కింద పటాలు కట్టే షాపులో "మెరుస్తుందండీ" అని ఏదో వార్నిష్ కొట్టి ఇచ్చారు, అరగంట పని. నాలుగేళ్లకి తాతయ్య మొత్తం టీ రంగులోకి వచ్చేశాడు.

వరద నీటి గీత ఇప్పటికీ పటం మీద కనిపిస్తుంది. దాని పైన అంతా టీ రంగే. కింద, పీచు రాసిన చోట, చెప్పులతో పాటు వార్నిష్ కూడా పోయి జానెడు పంచె బయటపడింది. నానమ్మ పోయేవరకూ ఆ పటం చూసినప్పుడల్లా "గంజి పెట్టిన పంచె తప్ప కట్టని మనిషికి ఈ మాసిన పంచె ఏంటర్రా" అని గొణిగేది. మొన్న లైటు పక్కనుంచి పెట్టి ఫోన్‌తో దగ్గరగా ఫోటో తీశాను. పంచె తెల్లగా ఉంది. వట్టి తెలుపు కూడా కాదు, మడతల లోపల లేత నీలం కలిపాడు ఆ ఆర్టిస్టు, నీలిమందులో జాడించి ఆరేసిన పంచె ఉంటుందే, అచ్చం అలా.

నాన్నకి చూపించాను. చాలాసేపు చూసి, "ఆ పీచు ఎక్కడ పెట్టావమ్మా" అన్నారు.

అటక మీద పెట్టాను. ఆయన మోకాళ్లతో నిచ్చెన ఎక్కలేరు.