ఒత్తిడికి ముందు లొంగేది బీటా-లాక్టోగ్లోబ్యులిన్

జున్నుపాలు ఆవిరి మీద పెడితే గడ్డకడతాయి. మామూలు పాలు ఎంతసేపు మరిగించినా అలా కట్టవు. జున్నుపాలలో కేసీన్ (మామూలు పాలలోని ప్రధాన ప్రోటీన్) కాని ప్రోటీన్లు, అంటే వే ప్రోటీన్లు, దండిగా ఉండటమే కారణం. మామూలు ఆవుపాలలో అవి లీటరుకు సుమారు 6 గ్రాములే. అందులో దాదాపు సగం బీటా-లాక్టోగ్లోబ్యులిన్, ఐదో వంతు ఆల్ఫా-లాక్టాల్బుమిన్. వీటిని చిక్కగా కలిపిన ద్రావణాన్ని పొయ్యి ఎక్కించకుండా, నీటి ఒత్తిడితో నొక్కి కూడా గడ్డ కట్టించవచ్చు. అయితే ఆ గడ్డ వేడితో కట్టినదానికన్నా మెత్తగా ఉంటుంది, నీటిని తేలిగ్గా వదిలేస్తుంది. రెండు దారుల్లోనూ ప్రోటీన్ మడత విప్పుకుంటుంది కానీ, విప్పుకునే తీరు ఒకటి కాదు.

వేడి అణువులను కుదిపి మడత విప్పుతుంది. ఒత్తిడి మాత్రం తక్కువ చోటు పట్టే స్థితి ఏదైతే దానివైపు తోస్తుంది. ప్రోటీన్ మడతల మధ్య నీళ్ళు చొరని ఖాళీలు ఉంటాయి. ఒత్తిడి పెరిగితే నీళ్ళు అక్కడికి చొచ్చుకుపోతాయి, మొత్తం ఘనపరిమాణం తగ్గుతుంది. నీటికి దూరంగా ఉండే భాగాల మధ్య పట్టు, విద్యుదావేశాల మధ్య పట్టు సడలుతాయి. అమైనో ఆమ్లాల గొలుసు మాత్రం తెగదు.

బీటా-లాక్టోగ్లోబ్యులిన్ ముందుగా ఎందుకు లొంగుతుందో దాని ఆకారం చూస్తేనే తెలుస్తుంది. 162 అమైనో ఆమ్లాల గొలుసు ఒక దొప్పలా చుట్టుకుని, మధ్యలో పెద్ద ఖాళీ ఉంచుకుంటుంది. ఒత్తిడికి అంతకన్నా అనువైన చోటు దొరకదు. పైగా 121వ స్థానంలోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లానికి జతలేని థయోల్ (గంధకం-హైడ్రోజన్ జంట) ఉంది. మామూలుగా అది లోపల దాగి ఉంటుంది. మడత సడలగానే బయటపడి, అదే అణువులోనో పక్క అణువులోనో ఉన్న డైసల్ఫైడ్ బంధాన్ని (రెండు గంధకం పరమాణువుల ముడిని) పట్టుకుని కొత్త జత కడుతుంది. ఒత్తిడి తీసేశాక కూడా ప్రోటీన్ పాత రూపానికి రాలేకపోవడానికి అసలు కారణం ఈ కొత్త ముడులే.

పాలలో ఈ మార్పు 100 మెగాపాస్కల్ దాటాక మొదలవుతుంది. అంటే సుమారు వెయ్యి వాతావరణ పీడనాలు, మరియానా అగాధం అడుగున ఉండేంత. 400 దగ్గరకు వచ్చేసరికి బీటా-లాక్టోగ్లోబ్యులిన్‌లో అధికభాగం సహజరూపం పోగొట్టుకుంటుంది. ఆల్ఫా-లాక్టాల్బుమిన్ అక్కడికి కూడా దాదాపు చెక్కుచెదరదు. 123 అమైనో ఆమ్లాల ఆ గొలుసును నాలుగు డైసల్ఫైడ్ బంధాలు, ఒక కాల్షియం అయాను బిగించి పట్టుకుంటాయి. జతలేని థయోల్ దానికి లేదు, అందుకే కాస్త విప్పుకున్నా మళ్ళీ సర్దుకుంటుంది. వేడిలో ఈ వరుస తిరగబడటం నాకు అన్నిటికన్నా ముచ్చటగా అనిపిస్తుంది: ఆల్ఫా 65 డిగ్రీల లోపే విప్పుకుని చల్లారితే తిరిగి ముడుచుకుంటుంది, బీటా 70 దాటేదాకా ఆగుతుంది.

ప్రయోగం చేయదలిస్తే పన్నీరు తీసిన నీళ్ళు వాడకండి. పాలు మరిగినప్పుడే బీటా-లాక్టోగ్లోబ్యులిన్‌లో చాలా భాగం కప్పా-కేసీన్ అనే ఒక రకం కేసీన్‌కు అతుక్కుని పన్నీరులోకి పోతుంది. పచ్చిపాల మీగడ తీసేసి, పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పీహెచ్ 4.6కు దించి, కేసీన్ వడకట్టండి. తేటను మళ్ళీ 6.7కు తెచ్చాకే ఒత్తిడికి పెట్టాలి. ఆమ్లంలో బీటా ఒత్తిడిని బాగా తట్టుకుంటుంది, కాబట్టి ఈ మెట్టు వదిలేస్తే ఫలితమే మారిపోతుంది. పీహెచ్‌ను నిలకడగా ఉంచే బఫర్ కావాలంటే ట్రిస్ మేలు, ఎందుకంటే ఒత్తిడి కింద ఫాస్ఫేట్ బఫర్ పీహెచ్ గణనీయంగా పడిపోతుంది.

నమూనాను మెత్తని ప్లాస్టిక్ సంచిలో, గాలి బుడగ లేకుండా సీలు చేయాలి. గాలి మిగిలితే నొక్కుకుపోయి సంచి అతుకు చిట్లుతుంది, ఆక్సిజన్ వల్ల థయోల్ లెక్కా తప్పుతుంది. గాజు సీసా అసలు పనికిరాదు. ప్రతి 100 మెగాపాస్కల్‌కు నీరు సుమారు 3 డిగ్రీలు వేడెక్కుతుంది. 20 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి 400కు వెళితే నమూనా 32 దాకా చేరవచ్చు. 40 దగ్గర మొదలుపెడితే ఫలితంలో ఒత్తిడి వాటా ఎంతో, వేడి వాటా ఎంతో విడదీయలేరు. లక్ష్యాన్ని చేరడానికి పట్టిన సమయాన్ని, అక్కడ నిలిపి ఉంచిన సమయాన్ని వేరువేరుగా రాసుకోండి.

చాలామంది తప్పటడుగు వేసేది బయటకు తీశాకే. విప్పుకున్న అణువులు బల్ల మీద కూడా ముడులు వేసుకుంటూనే ఉంటాయి. వెంటనే ఎన్-ఇథైల్‌మాలిమైడ్ కలిపితే థయోల్ మూతపడి ఆ చర్య ఆగుతుంది. థయోల్ కొలవాలనుకున్న భాగానికి మాత్రం అది కలపకూడదు, థయోల్‌తో కలిసి రంగు ఇచ్చే ఎల్మన్ రియేజెంట్‌తో 412 నానోమీటర్ల దగ్గర అప్పటికప్పుడే చదవాలి. ఎంత ప్రోటీన్ మారిందో తెలియడానికి పీహెచ్ 4.6 దగ్గర కరిగి మిగిలినదాన్ని (మారినది అక్కడ కరగదు) ప్రోటీన్లను వేరుచేసి కొలిచే హెచ్‌పీఎల్‌సీలో చూస్తారు. ప్రోటీన్లను పరిమాణాన్ని బట్టి విడదీసే ఎస్‌డీఎస్ జెల్ రెండు నడపాలి, ఒకటి డైసల్ఫైడ్ ముడులు విప్పే మెర్కాప్టోఇథనాల్‌తో, ఒకటి లేకుండా. లేనిదాంట్లో బీటా పట్టీ పలచబడి, ఉన్నదాంట్లో తిరిగి కనిపిస్తే అణువులను కలిపింది డైసల్ఫైడ్ ముడులేనని అర్థం.

తేటలో వచ్చిన అంకెలను పాలకు అంటగట్టకండి. అదే ఒత్తిడికి పాలలో బీటా మరింత ఎక్కువగా మారుతుంది, అతుక్కోవడానికి అక్కడ కేసీన్ ఉంటుంది కదా. తల్లిపాల సంగతి మరీ వేరు. వాటిలో బీటా-లాక్టోగ్లోబ్యులిన్ ఉండనే ఉండదు, ప్రధాన వే ప్రోటీన్ ఆల్ఫా-లాక్టాల్బుమినే. పాల బ్యాంకుల్లో 62.5 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచే పద్ధతికి బదులు ఒత్తిడిని పరీక్షిస్తున్నవారు ముఖ్యంగా చూసేది ఇమ్యూనోగ్లోబ్యులిన్-ఏ, లాక్టోఫెర్రిన్, కొవ్వు జీర్ణం చేసే లైపేజ్ ఎంత మిగులుతున్నాయన్నదే.