పద్నాలుగు గంటలు చదివిన రోజులు

గ్రూప్స్ ప్రిపరేషన్ కోసం హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకున్న కొత్తలో రోజుకు 14 గంటలు చదివేవాణ్ణి. పొద్దున్నే చిక్కడపల్లి లైబ్రరీలో సీటు పట్టుకుని, రాత్రి రూమ్‌కి వచ్చాక కూడా ఒంటిగంట దాకా పుస్తకం వదిలేవాణ్ణి కాదు, నిద్రపోతే పక్కవాళ్ళు ముందుకెళ్ళిపోతారని ఒకటే టెన్షన్. మార్కులు మాత్రం పెరగలేదు. రిట్లు, అంటే హక్కులు కాపాడేందుకు కోర్టులిచ్చే ఆదేశాలు, జారీ చేసే అధికారం సుప్రీంకోర్టుకు రాజ్యాంగంలోని ఆర్టికల్ 32, హైకోర్టుకు ఆర్టికల్ 226 ఇస్తాయని ఎన్నిసార్లు చదివినా పరీక్షలో తారుమారయ్యేవి.

జ్వరమొచ్చి నాలుగు రోజులు ఊరెళ్ళాను. అమ్మ పుస్తకాలు దాచేసింది. తినడం, పడుకోవడం, అంతే. తిరిగొచ్చి రాసిన మాక్ టెస్టులో అంతకు ముందెప్పుడూ రానన్ని మార్కులు వచ్చాయి, అదీ ఆ నాలుగు రోజులు ఒక్క పేజీ కూడా తిప్పకుండా!

చదివింది మెదడులో కుదురుకునే పని చాలావరకు నిద్రలోనే జరుగుతుందని తర్వాత తెలిసింది. ఎరిక్‌సన్ అనే సైకాలజిస్టు, ఆయన సహచరులు బెర్లిన్‌లో వయొలిన్ విద్యార్థుల మీద చేసి 1993లో ప్రచురించిన అధ్యయనం గురించి కూడా చదివాను. బాగా వాయించేవాళ్ళు మిగతావాళ్ళకంటే ఎక్కువ సాధన చేసేవాళ్ళు, నిజమే, కానీ అది రోజుకు సుమారు మూడున్నర గంటలే, మధ్యలో విరామాలతో. పైగా వాళ్ళు నిద్ర కూడా ఎక్కువే పోయేవాళ్ళు, మధ్యాహ్నం కునుకుతో సహా. మనమేమో సాధన గంటలనే పట్టుకుని కునుకును వదిలేశాం.

ఇప్పుడు ఎనిమిది గంటలే చదువుతున్నాను, ఫోన్ పక్కన పడేసి. సాయంత్రం ఇందిరా పార్కులో నడక, రాత్రి పదిన్నరకల్లా లైటు ఆపేయడం. పరీక్ష ముందు రోజు రాత్రి కూడా ఇంతే.