ఆటీను తొమ్మిది

పన్నెండు దాటింది. భోజనాల బల్ల మీద పేక పరుచుకుని కూర్చున్నాను. ఈ రాత్రి ఆడిన కట్టలో ఆటీను తొమ్మిదులు రెండున్నాయి, కళావరు ఏడు లేదు. లెక్కపెడితే సరిగ్గా 52.

బావగారు అన్నం తినకుండా కిందికి వెళ్ళిపోయారు. ఆయన వెనకే అక్క పెరుగు గిన్నె పట్టుకుని దిగింది. మా వారు ఎప్పటిలాగే ఏమీ జరగనట్టు వెళ్ళి పడుకున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు.

పెద్దవాడు దసరాకి బెంగళూరు నుంచి వచ్చి పోకర్ నేర్పి వెళ్ళినప్పటినుంచి మా శనివారం రాత్రుల్లో రమ్మీ తగ్గి ఇది మొదలైంది. మనిషికి 100 చింతపిక్కలు. డబ్బు మా ఇంట్లో పేక దగ్గరికి రాదు, మామగారి కాలం నుంచీ అంతే. ఈ రోజు మొదట్లో ఎంత బాగా సాగిందో! అక్క మొదటిసారి ఎవరినీ అడగకుండా రెండు జతలతో గెలిచింది. పిక్కలు కొంగులో పోసుకుని నవ్వింది.

ఎవరి చేతిలో వాళ్ళకి రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి అయిదు; ఆ ఏడింట్లో మంచి అయిదు ఎవరివైతే కుప్ప వాళ్ళది. చివరి ఆటలో అందరం తలా 5 పిక్కలు వేశాం. బల్ల మీద మొదటి మూడు ముక్కలు పడ్డాయి: ఆటీను తొమ్మిది, కళావరు రాజు, కళావరు నాలుగు. చిన్నాడు 20 పెట్టాడు. బావగారు అంతే కలిపారు, మేం ముగ్గురం ముక్కలు పడేసి తప్పుకున్నాం. నాలుగో ముక్క డైమను రెండు. చిన్నాడు 30 పెట్టాడు, బావగారు మళ్ళీ కలిపారు. అయిదోది కళావరు జాకీ. ఈసారి బావగారు 30 పెట్టారు, వాడు కలిపాడు. మధ్యలో 185 పిక్కలు. బావగారు కళావరు ఆసు, పది తిప్పి చూపించారు. అయిదూ కళావర్లే, ఫ్లష్. ఆయన చెయ్యి కుప్ప మీదికి వెళ్తుండగా చిన్నాడు తన రెండు ముక్కలు తిప్పాడు. ఇస్పేటు తొమ్మిది, ఆటీను తొమ్మిది.

"ఆగండి పెదనాన్నా, పేక తప్పు. ఈ ఆట చెల్లదు."

"గెలిచాక చెల్లకపోవడం ఏమిటిరా?"

అక్కడ మొదలైంది. ఒక పేకలో ఆటీను తొమ్మిది ఒకటే ఉంటుంది. రెండు కనిపించాక ఆ ఆటలో గెలుపోటములు ఎక్కడివి? పోకర్ గదుల్లో పాటించే నియమం కూడా అదేనని ఇప్పుడు చదివాను. ఒకే ముక్క రెండుసార్లు వస్తే ఆ ఆట రద్దు, ఎవరు పెట్టింది వాళ్ళకి తిరిగి ఇచ్చేయాలి. బావగారు వినలేదు. "అయితే సాయంత్రం నుంచి ఆడినవన్నీ రద్దేనా? మీ అక్క గెలిచినవి కూడా వెనక్కి ఇచ్చేస్తుందా?" అన్నారు. కాదు. ఒక ఆట ముగిసి తర్వాతి ఆట మొదలయ్యాక పాతదాన్ని తిరగదోడరు. ఆ మాట అప్పుడు నాకు తెలియదు, చెప్పలేకపోయాను. ఇంటికి పెద్దవారు, అయిదో ముక్క మీద గెలిచిన ఆటని పట్టుకుని పిల్లాడితో సమానంగా గొంతు పెంచడం నాకు నచ్చలేదు. ఆ మాట అనేశాను కూడా. "పిక్కల కోసం ఇంతెందుకు బావగారూ" అన్నాను. ఆయన లేచి వెళ్ళిపోయింది ఆ మాటకే.

తప్పు పేక నా వల్లే వచ్చింది, అది నిజం. రెండు కట్టలూ ఒకే కంపెనీవి, బీసెంట్ రోడ్డులో ఒకేసారి కొన్నవి. వెనక ఒకటే ఎర్ర డిజైను. రమ్మీకి రెండూ కలుపుతాం, ఆట అయ్యాక విడదీస్తాం. పోయినవారం విడదీసింది నేనే. 52 లెక్కపెట్టి రబ్బరుబ్యాండు వేశాను, సరిపోయిందనుకున్నాను. ఒక ముక్క అటు, ఒక ముక్క ఇటు మారితే లెక్క తప్పదు కదా! ఇప్పుడు రెండో కట్ట విప్పితే అందులో కళావరు ఏళ్ళు రెండు కనిపించాయి. ఒక్కో రంగునీ ఆసు నుంచి రాజు దాకా 13 చొప్పున నాలుగు వరసలు పేర్చితేనే తెలుస్తుంది. రెండు నిమిషాల పని.

కొత్త కట్టలు కొనాల్సి రావడం కూడా వరద పుణ్యమే. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరుకి గండ్లు పడి విజయవాడలో మా సింగ్‌నగర్ మునిగిన రోజు. కింద బావగారి కిటికీల దాకా నీళ్ళు వచ్చేసరికి బియ్యం బస్తా, గ్యాసు బండ, దేవుడి పటాలు మోసుకుని వాళ్ళిద్దరూ పైకి వచ్చేశారు. కరెంటు లేదు. ఫోన్లు ఒకటొకటిగా ఆరిపోయాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటిందని సోమవారం మా వారి పాత రేడియోలో విన్నాం. డ్రోను తెచ్చి పడేసే పొట్లాల కోసం పిల్లలు డాబా మీద ఎదురు చూసేవారు. కింద తన బీరువా, మంచం, మామగారి కుర్చీ నీళ్ళలో నానుతుంటే బావగారు ఒక్క మాట అనలేదు. రెండో రోజు మధ్యాహ్నం చొక్కా జేబులోంచి పేక తీసి, "రండి, వెలుతురు ఉండగానే ఆడదాం" అన్నారు.

వరండాలో కూర్చుని ఆడుతుంటే అక్క చేతిలోంచి డైమను నాలుగు జారి పిట్టగోడ మీదుగా నీళ్ళలో పడింది. బొమ్మ పైకే తేలుతూ పక్కింటి గేటు దాకా వెళ్ళి అక్కడ తిరగబడి మునిగింది. అందరం లేచి నిలబడి చూశాం. వీధిలో అన్ని సామాన్లు కొట్టుకుపోతుంటే మేం ఒక పేకముక్క కోసం అయ్యో అనుకున్నాం! బావగారు ఎవరిదో శుభలేఖ వెతికి, కత్తెరతో ముక్క సైజుకి కత్తిరించి, ఎర్ర పెన్నుతో నాలుగు డైమన్లు గీశారు. మూలల్లో పసుపు అలాగే ఉంది. వెనక వినాయకుడి బొమ్మ. అది ఎవరి చేతిలో ఉందో అందరికీ కనబడుతుంది మరి.

అప్పుడు ఆయన ఒక పద్ధతి పెట్టారు. ఆ ముక్క వచ్చినవాళ్ళు 'నాలుగు నా దగ్గరుంది' అని ముందే చెప్పేయాలి. చూసీ చూడనట్టు ఎవరూ ఆడకూడదు. చిన్నాడు అప్పుడు పదో తరగతి. వాడికి వచ్చినప్పుడల్లా వీధికి వినబడేలా అరిచి చెప్పేవాడు. ఆ వారం మా ఇంట్లో నవ్వు వినిపించింది దానివల్లే. నీళ్ళు తీశాక చూస్తే ఆ పేక చెమ్మకి ఉబ్బి, ముక్క మీంచి ముక్క జరగనంటోంది. పారేశాం. శుభలేఖ ముక్క మాత్రం బావగారి కళ్ళజోడు డబ్బాలో ఇప్పటికీ ఉంది.

ఇదంతా రాసి, చివరి ఆటని బల్ల మీద మళ్ళీ పేర్చాను. బావగారిది తప్పని నాకు నేను నిరూపించుకుందామనే. తొమ్మిది, రాజు, నాలుగు. ఇటు చిన్నాడి రెండు తొమ్మిదులు.

ఆటీను తొమ్మిది బల్ల మీద పడింది మొదటి మూడింట్లోనే. అదే ముక్క అప్పటికే వాడి చేతిలో ఉంది. 20 పెట్టింది ఆ తర్వాత. 30 పెట్టింది ఆ తర్వాత. గెలిస్తే తొమ్మిదులు మూడు, ఓడితే పేక తప్పు!

ఇంత సేపూ నేను ఎవరి మీద కోపంగా ఉన్నాను?

నియమం మిగతా సగం ఇప్పుడు పూర్తిగా చదివాను. పేక తప్పని తెలిసినవాడు వెంటనే చెప్పాలి. చెప్పకుండా పందెం పెంచుతూ పోతే, పెట్టింది తిరిగి అడిగే హక్కు పోగొట్టుకోవచ్చు. బావగారికి ఈ నియమం తెలియదు, వాడు ముందే చూశాడని కూడా బహుశా తట్టి ఉండదు. అయినా ఆయన అడిగిందే న్యాయం. నేను ఆయనని పిక్కల కోసం అన్నాను.

చిన్నాడి గదిలో దీపం వెలుగుతోంది. పిలిచాను. వచ్చి బల్ల వైపు చూసి నిలబడిపోయాడు.

"ఎప్పుడు చూశావు?"

"పడగానే చూశానమ్మా."

"మరి?"

"గెలుస్తాననుకున్నాను."

తిట్టలేదు. తిట్టడానికి మాట రాలేదు. 185 పిక్కలు గిన్నెలో పోసి, పొద్దున్నే పెదనాన్నకి నువ్వే ఇచ్చి, ఎప్పుడు చూశావో నువ్వే చెప్పు అన్నాను. తల ఊపాడు. నేను అన్న మాటకి నేను వేరే దిగి వెళ్ళాలి. కాఫీ వేళ కంటే ముందే వెళ్ళాలి.

వాడు పడుకోకుండా నా పక్కన కూర్చుని రెండు కట్టలూ వరసలుగా పేర్చాడు. తొమ్మిది అటు వెళ్ళింది, ఏడు ఇటు వచ్చింది. ఒక కట్ట ముక్కల వెనక మూలన అన్నింటికీ ఒకేలా నల్ల చుక్క పెడదామన్నాడు. వద్దు, నీలం రంగు కట్ట ఇంకొకటి కొందాం అన్నాను.

కింద వరండా తలుపు తీసిన చప్పుడైంది. బావగారు కూడా ఇంకా పడుకోలేదు.