మూత్రనాళం సన్నబడితే ఉత్తరబస్తి: నా అనుభవం

ప్రొస్టేట్ ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు ధార హాయిగా వచ్చింది. ఆ తర్వాత రెండు పాయలుగా చీలడం మొదలై, చివరికి ముక్కితే గానీ రాని స్థితికి వచ్చింది. రాత్రుళ్లు నిద్ర లేదు. వయసు కదా అని సర్దిచెప్పినవాళ్లే అందరూ. కానీ ఇది వయసుతో వచ్చేది కాదు. ఆపరేషన్‌లో పంపిన పరికరాల వల్లో, కేథటర్ (మూత్రం కోసం పెట్టే గొట్టం) వల్లో నాళం లోపలి పొర దెబ్బతింటే, అది మానేటప్పుడు మచ్చ కట్టి దారి ఇరుకవుతుంది. దీన్నే స్ట్రిక్చర్ అంటారు.

ధార వేగాన్ని కొలిచే యూరోఫ్లో పరీక్షలో గరాటులాంటి దాంట్లో మూత్రం పోయాలి. సెకనుకు 15 మిల్లీలీటర్లు దాటాల్సిన ధార నాకు 7 దగ్గరే ఉంది. కొండలా లేచి దిగాల్సిన గ్రాఫు పొలం గట్టులా చదునుగా సాగింది. యూరాలజిస్టు స్కోప్‌తో లోపల కోసి వెడల్పు చేశారు. కొన్ని నెలలకే మళ్లీ మొదటికొచ్చింది. ఇక బుగ్గ లోపలి పొర తీసి నాళానికి అతికించే పెద్ద ఆపరేషనే మేలన్నారు. దానికి భయపడ్డాను.

అప్పుడు మా బావగారు ఎర్రగడ్డ ఆయుర్వేద కాలేజీలో చదివిన ఒక డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన శల్యతంత్రంలో, అంటే ఆయుర్వేద శస్త్రచికిత్సలో ఎం.ఎస్. చేశారు. ముందు యూరిన్ కల్చర్ అడిగారు, ఇన్‌ఫెక్షన్ ఉంటే ఉత్తరబస్తి, అంటే మూత్రనాళంలోకి మందు తైలం ఎక్కించే చికిత్స చేయనన్నారు. ఆ మాటతోనే నాకు నమ్మకం కుదిరింది. మూత్రద్వారం మూసుకుపోతే నెయ్యి రాసిన గొట్టం పెట్టి, మూడేసి రోజులకు ఇంకాస్త లావుది మార్చమని సుశ్రుతుడే చెప్పాడట.

మూత్రం పోసి వచ్చాక పొత్తికడుపుకు తైలం మర్దనా చేసి కాపడం పెట్టారు. తర్వాత స్టెరిలైజ్ చేసిన సైంధవాది తైలాన్ని గోరువెచ్చగా, సూది లేని సిరంజితో చాలా నెమ్మదిగా నాళంలోకి ఎక్కించి, బయటికి రాకుండా కాసేపు వేళ్లతో అదిమి పట్టుకున్నారు. మొదటిసారి చుర్రుమంది, తర్వాత అలవాటైంది. ఆ రోజు మూత్రంలో నూనె చుక్కలు తేలితే టెన్షన్ పడ్డాను గానీ అది మామూలేనట. పల్లేరు కషాయం, చంద్రప్రభ వటి మాత్రలు కూడా ఇచ్చారు. వీటితోనే మచ్చ కరగదని మాత్రం గట్టిగా చెప్పారు. పొడులతో పూర్తిగా తగ్గిస్తామనేవాళ్లను దయచేసి నమ్మకండి. మూత్రం అసలు రాకుండా ఆగిపోతే ఏ వైద్యం కోసమూ చూడకుండా వెంటనే క్యాజువాలిటీకి వెళ్లండి.

కోర్సు అయ్యాక ధార 13కి వచ్చింది. రాత్రుళ్లు నిద్ర పడుతోంది. రిపోర్టులన్నీ యూరాలజిస్టుకూ చూపించాను. దసరా వెళ్లాక మళ్లీ యూరోఫ్లో ఉంది. 10 కిందికి పడితే ఆ పెద్ద ఆపరేషనే చేయించుకోవాలని ఇద్దరు డాక్టర్లూ అన్నారు, నేనూ సరేనన్నాను.