మంచం కింద ట్రాలీ

రీయూనియన్ సావనీరుకి ‘మరచిపోలేని మాస్టారి’ మీద రెండు పేజీలు కావాలని కమిటీ వాళ్ళు అడిగారు. ఎవరి మీద రాస్తానో తెలిసే అడిగుంటారు. కెమెరా కోర్సు రెండో ఏడాది ఏం చదివామో మన బ్యాచ్‌లో ఎవరినైనా అడగండి, డార్క్‌రూమ్‌లో ఫిల్ము కడిగే హైపో వాసన తప్ప ఇంకేం చెప్పలేరు. పట్టాల మీద కెమెరా నడిపే బండి పేరుతో మనం పిలిచే ట్రాలీ సారూ, ఆయన పాఠం చెప్పిన తమిళ సినిమా ‘నెంజిల్ ఓర్ ఆలయం’ మాత్రం అందరికీ కంఠతా వచ్చు.

1962లో శ్రీధర్ తీసిన సినిమా. భర్తకి క్యాన్సరు, ఆపరేషన్ చెయ్యాల్సిన డాక్టరు ఒకప్పుడు ఆ భార్యని ప్రేమించినవాడు, చివరికి రోగి బతుకుతాడు, డాక్టరు పోతాడు. ముత్తురామన్, దేవిక, కల్యాణ్‌కుమార్. సారు కథని అక్కడికి తేల్చేసి, “ఏడుపేదో హాస్టల్లో ఏడవండి, ఇక్కడ గోడలు చూడండి” అనేవారు. సినిమా దాదాపు అంతా ఒకే ఆస్పత్రి సెట్టు మరి. షూటింగు నెల లోపే ముగించారు.

తెల్ల గోడ, తెల్ల దుప్పటి, నర్సు తెల్ల చీర. బ్లాక్ అండ్ వైట్ ఫిల్ముకి ఇంతకన్నా పెద్ద పేచీ లేదు. ముఖానికి సరిపడా లైటిస్తే దుప్పటి వెలిసిపోతుంది, దుప్పటికి సరిపెడితే ముఖం మసి. అందుకే ఆ రోజుల్లో తెల్ల బట్టల్ని పలచటి టీ డికాషన్లో ముంచి ఆరేసేవారు. గోడ మీద పడే లైటుని కట్టర్‌తో, అంటే లైటుకి అడ్డంపెట్టే పలకతో, కోసేవారు.

ఇక ‘సొన్నదు నీ తానా’. తను పోతే ఆ డాక్టర్నే పెళ్ళి చేసుకోమని భర్త అన్నాక వచ్చే సుశీలమ్మ పాట. అందులో ఛాయాగ్రాహకుడు విన్సెంట్ గారి కెమెరా మంచం కిందకి దూరుతుంది. ఆ ఒక్క షాటుకి మన సిలబస్‌లో సగం పోయింది.

హాస్టల్ ఇనుప మంచం తెప్పించి, కోళ్ళ కింద రెండేసి ఇటుకలు పెట్టించిన ఎక్సర్‌సైజు గుర్తుందిగా? ట్రాలీ పట్టాలు వేశాక రసమట్టం రెండు పట్టాల మీదా అడ్డంగా పెట్టాలి, పొడుగునా పెట్టాలి. ఒకవైపు వెంట్రుకంత ఎత్తున్నా చెక్క సందు దోపాల్సిందే, లేకపోతే అతుకు దగ్గర ఫ్రేము ఎగురుతుంది. దుప్పటి అంచులు పైకి మడిచి గుండుసూదులు గుచ్చకపోతే లెన్సుకి రాసుకుంటాయి. పైనుంచి వచ్చే కీ లైటుకి, అంటే ప్రధాన లైటుకి, మంచమే అడ్డం కాబట్టి, కెమెరా కిందకి రాగానే ఎక్స్‌పోజరు పడిపోతుంది. నేల మీద ఓ చిన్న బేబీ లైటు పెట్టి, ముందు బటర్ పేపర్ కట్టాలి. ఫోకస్‌కి దూరం కొలిచే టేపు లెన్సు మూతి నుంచి కాదు, కెమెరా పక్కన లోపలి ఫిల్ము ఎక్కడుందో చూపే గీత నుంచి పట్టాలి. మన బ్యాచ్‌లో ‘ఇడ్లీ’ అని పిలిచేవాడు మూతి నుంచే పట్టాడు, కడిగొచ్చిన ఫిల్ము (రష్) వేసి చూస్తే మంచం కోడు షార్పు, హీరోయిన్ పొగమంచు.

కెమెరాకి తగిలించే ఫిల్ము డబ్బా, మ్యాగజైన్‌లో 400 అడుగులు, అంటే నాలుగున్నర నిమిషాల లోపు. “ఇంకోటి తీద్దాం సార్” అనే నోరు ఎవరికుంది?

దీని తెలుగు రూపం ‘మనసే మందిరం’ ఎప్పుడు వేస్తారని తెలుగు బెంచి గొణిగేది. 1966లో శ్రీధరే అక్కినేని, సావిత్రి, జగ్గయ్యలతో తీశారు కదా. సారు వెయ్యలేదు. విన్సెంట్ గారు తర్వాత ‘ప్రేమనగర్’కి పనిచేశారని చెప్పి నోరు మూయించారు.

ఇడ్లీకి ఇప్పుడు సొంత డీఐ సూటు, అంటే సినిమాకి రంగులు సరిచేసే గది, ఉంది. మన బ్యాచ్ పొడుగాయన పేరు టైటిల్స్‌లో ఒంటి కార్డు మీద, ఇంకెవరి పేరూ పక్కన లేకుండా, పడుతోంది. నా కెమెరా యూనిట్లో చేరే అసిస్టెంటుకి మొదటిరోజు మానిటర్ ఆపేసి టేపు చేతిలో పెడతాను. తిట్టుకుంటారు, కానీ పక్క యూనిట్ల వాళ్ళు అడిగి మరీ తీసుకెళ్తున్నారు.

కమిటీకి ఒక్క మాట. రీయూనియన్లో ఈ సినిమా వేస్తారట. ప్రొజెక్టరుని నాలుగుకి మూడు నిష్పత్తిలో పెట్టండి. రెండు పక్కలా నల్లపట్టీలు వస్తే రానివ్వండి. తెర నిండాలని సాగదీస్తే దేవిక లావెక్కుతుంది, పైనా కిందా కోస్తే మంచం కోళ్ళు పోతాయి. కోళ్ళు లేకపోతే ఆ షాటులో కెమెరా ఎక్కడుందో ఎవరికీ తెలీదు.