గీకేసిన గొట్టం

నిద్ర పట్టడం లేదు. అమ్మ మాత్రలేసుకుని పడుకుంది, పాప ప్రాజెక్టు గొడవ ఎలాగో తేలింది, ఆఫీసు సంగతి రేపు చూసుకోవచ్చు. బుర్రలో తిరుగుతున్నదల్లా పక్కింటి పెద్దాయన గరాజ్‌లో బల్ల మీదున్న ఇనప గొట్టమే. కొత్త కుళాయి పైపులా తళతళలాడుతోంది. రెండొందల ఏళ్లు దాటిన తుపాకి గొట్టం అలా మెరవకూడదు.

ఆయన మామగారి పశువుల కొట్టంలోంచి బయటపడిన సరుకు అది. ఎనిమిది పలకల పొడవాటి గొట్టం, చేత్తో పట్టుకునే సన్నటి చోట విరిగిన మేపుల్ కర్ర, దానికి అక్కడక్కడా ఇత్తడి సామాను, మీట నొక్కితే మందుకి నిప్పంటించే లాకు, దాని సుత్తి ఊడిపోయింది. పెన్సిల్వేనియాలోని ఈ లాంకాస్టర్‌లో ఇల్లు కొన్నప్పటి నుంచి, ఒకప్పుడు ఇక్కడే చేసిన ఈ పొడుగు రైఫిళ్ల పిచ్చి నన్నెలా పట్టుకుందో మీకు తెలుసు. ఆయనకీ తెలుసు కాబట్టే పిలిచారు. కానీ నాకంటే ముందు ఇంకెవరినో పిలిచారు. పాత సామాన్లు శుభ్రం చేసిపెడతానన్న ఆ మనిషి డ్రిల్లుకి తీగల బ్రష్ తగిలించి, గొట్టం ఈ చివర నుంచి ఆ చివరదాకా గీకి పారేశాడు.

తుప్పు పోతే మంచిదేగా అంటారేమో. తుప్పుతో పాటు పేరు పోయింది. ఆ కాలం వాళ్లు సంతకం చేస్తే పై పలక మీదే, గురి చూసే వెనక సైటుకీ గొట్టం మొదలుకీ మధ్యలో, సన్నటి ఉలితో చెక్కేవారు. వెంట్రుకవాసి లోతు కూడా ఉండదు. లైటు ఆర్పేసి, టార్చి ఏటవాలుగా పట్టుకుని చూశాను. మొదట ఒక కొక్కెం లాంటి గీత, 'జె' అనుకుంటా. ఆ తర్వాత ఏమీ లేదు, బ్రష్ గీతలే. జేకబ్, జాన్, జోసెఫ్... ఆ రోజుల్లో ఇక్కడి జర్మన్ తుపాకి పనివాళ్లలో ఈ పేర్లకి కొదవా? జర్మనీలో 1740లో పుట్టి, ఈ ఊళ్లోనే తుపాకులు చేసి 1822లో పోయిన జేకబ్ డికర్ట్ కూడా 'జె'తోనే సంతకం చేసేవాడు. అయ్యుండొచ్చు, కాకపోవచ్చు. ఇంకో నాలుగు అక్షరాలు మిగిలి ఉంటే తేలిపోయేది. ఐదు నిమిషాల పనికి ఒక మనిషి పేరు పోయింది. తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

పైగా అతను పెద్దాయనకి ఇంకో సలహా కూడా ఇచ్చి వెళ్లాడట. కర్రకి ఉప్పు కాగితం పట్టించి, అవిసె నూనె రుద్దితే కొత్తదానిలా అవుతుందని! ఆ మేపుల్ మీద పులిచారల్లాంటి నిగనిగ, నైట్రిక్ ఆసిడ్‌లో ఇనుము కరిగించి పూసి, వేడి చూపించి తెప్పించిన రంగు. దానిమీద రెండు శతాబ్దాల చేతుల జిడ్డు. ఉప్పు కాగితం పడితే రంగు, జిడ్డు, అంచుల పదును అన్నీ పొట్టుగా రాలిపోతాయి. అవిసె నూనె ఎండి గట్టిపడితే తియ్యడం మహా కష్టం. మ్యూజియం వాళ్లు పల్చగా మైనం పూసి ఊరుకుంటారు, కావాలంటే మళ్లీ తీసేయొచ్చని. ఇదంతా చెప్తుంటే అమ్మ, "అంత ఇత్తడి ఉందంటున్నావు, కాస్త చింతపండు పెట్టి తోమితే పోలా?" అంది. అమ్మా, నువ్వు కూడానా!

సంతోషపడాల్సింది కూడా ఒకటి ఉంది, ఒప్పుకోవాలి. మడమ, అంటే భుజానికి ఆనించే కర్ర చివర, పక్కన గుండుకి చుట్టే గుడ్డముక్కలు దాచుకునే ఇత్తడి మూత క్షేమంగా ఉంది. దాని కొసన డైసీ పువ్వు. మడమ పై గీత తిన్నగా దిగుతోంది, వంపు లేదు. రెండూ లాంకాస్టర్ పనితనానికి గుర్తులే. లాకు మీద ఏ పేరున్నా నమ్మడానికి లేదు, అవి చాలావరకు ఇంగ్లండు నుంచి దిగుమతి అయ్యేవి.

గొట్టం ముట్టుకునే ముందు సన్నటి కర్ర పుల్ల లోపలికి దించి, ఎంత దిగిందో బొటనవేలితో పట్టుకుని, బయట గొట్టం పక్కన ఆనించి చూశాను. గొట్టం అడుగున మందుకి నిప్పు తగిలే నిప్పు రంధ్రం దాకా దిగింది, అంటే లోపల మందు లేదు. ఎక్కడ నేర్చుకున్నావని పెద్దాయన అడిగారు. మా అమ్మమ్మ ఊళ్లో కాపలా తాత దగ్గర. చెనక్కాయ చేలల్లో పందులు పడకుండా లైసెన్సు తుపాకితో మంచె మీద పడుకునేవాడు. సాయంత్రం పూట మందు కొలిచి పోసి, కొబ్బరి పీచు కుక్కి, ఇనప కడ్డీతో దంచేవాడు. దంచే ముందు, పాత మందు మిగిలిందేమోనని కడ్డీ ఇలాగే కొలిచేవాడు. మేం దగ్గరికొస్తే "దూరం పోండ్రా" అని కసిరేవాడు, కానీ మేం చూస్తున్నామని కాస్త నెమ్మదిగా చేసేవాడు. ఆ తుపాకి వాళ్ల నాయనదట. కర్ర మాత్రం తాతే చింత చెక్కతో చెక్కుకున్నాడు, పగిలిన చోట రాగి తీగ బిగించి చుట్టాడు. ఆ చుట్లు తడిమితే వేళ్లకి ఎంత నున్నగా తగిలేవో.

ఇది రాయడం మొదలుపెట్టినప్పుడు ఈ రైఫిల్‌ని మళ్లీ చెకుముకి రాయి తుపాకిగా మార్చాలనే అనుకున్నాను. 1820ల తర్వాత క్యాపులు, అంటే సుత్తి దెబ్బకి పేలి నిప్పు పుట్టించే చిన్న టోపీలు, వాడకంలోకి వచ్చాక, దీని యజమాని ఎవరో నిప్పు రంధ్రాన్ని పెద్దది చేయించి, ఒక బొడిపె బిగించి, క్యాపు పెట్టుకునేలా చేయించుకున్నాడు. దాన్ని పీకేసి, పాత లాకు వెతికి తెచ్చి, మొదట ఎలా ఉండేదో అలా చేద్దామని పెద్దాయనతో వాదించి వచ్చాను. ఇప్పుడు వద్దనిపిస్తోంది. ఆ బొడిపె పీకడమంటే తాత తుపాకికి చుట్టిన రాగి తీగ విప్పడమే. అరిగిన గొట్టం లోపల గుండుని తిప్పే గాడులు మళ్లీ తీయించి కాస్త పెద్ద గుండు వాడేవారట, అదీ తప్పేనా? వాడుకోవడానికి చేసుకున్న మార్పు వేరు. తళతళ కోసం గీకడం వేరు. అతను కూడా మంచి చేస్తున్నాననే అనుకుని ఉంటాడు, సరే. అయినా నా కోపం పోలేదు.

అందుకని బొడిపె అలాగే ఉంటుంది. విరిగిన కర్ర మాత్రం మరిగించిన చర్మపు జిగురుతో అతికిస్తాం, వేడి నీటితో మళ్లీ విప్పుకోవచ్చు. శనివారం గొట్టాన్ని కర్రకి పట్టి ఉంచిన పిన్నులు మెల్లగా తీసి, కింది పలక చూడాలి. కర్ర లోపల దాగిన ఆ వైపు కొందరు పనివాళ్లు గుర్తులు వేసుకునేవారు. అక్కడికి తీగల బ్రష్ వెళ్లలేదు. సన్నటి పిన్ను పంచ్ నా పెట్టెలో లేదు, రేపు ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు కొనాలి.