ఇజ్నిక్ ఒడ్డున

ఇస్తాంబుల్‌లో ఫెర్రీ ఎక్కి యాలోవాలో దిగి, అక్కడ మినీబస్సు పట్టుకున్నాను. ఆలివ్ తోటలు దాటి సరస్సు కనిపించగానే డ్రైవరు "ఇజ్నిక్" అని కేకేశాడు. పాత పేరు నైసియా. చిన్నప్పుడు చర్చిలో ప్రభు సంస్కారపు ఆదివారాల్లో నైసియా విశ్వాస ప్రమాణం గడగడా అప్పజెప్పేవాణ్ణి గానీ, అదొక ఊరి పేరని చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు.

ఆ ప్రమాణం పుట్టిన బిషప్పుల సభ ఎక్కడ జరిగిందని అడిగితే ఊళ్ళో అందరూ అయాసోఫ్యా అనే పాత చర్చి వైపే చూపించారు. ఇప్పుడది మసీదు. చెప్పులు విప్పి లోపలికెళ్ళాను. అయితే అక్కడ జరిగింది 787 నాటి సభ, పవిత్ర పటాలని గౌరవించొచ్చా లేదా అన్న గొడవ మీద. నాకు కావలసింది 325 నాటిది. అది చక్రవర్తి భవనంలో జరిగిందని, హాజరైన బిషప్పు యూసేబియస్ రాశాడు. ఆ భవనం జాడే లేదు.

ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో అరియస్ అనే ప్రెస్బిటర్, అంటే చర్చి పాదిరి, లేవదీసిన తగువు అది. కుమారుడూ, అంటే యేసూ, తండ్రి చేసిన సృష్టే, ఆయన లేనప్పుడంటూ ఒకటుండేది అన్నాడు. దేవుడొక్కడే అన్నమాట నిలబెట్టాలన్న తాపత్రయం. నాకైతే తేలిగ్గా కొట్టిపారేసే మాటలా అనిపించదు. చక్రవర్తి కాన్‌స్టంటైన్ పిలిపించిన బిషప్పులు మాత్రం కుమారుడు "హోమోఊసియోస్", అంటే తండ్రితో ఒకే తత్త్వం గలవాడని తేల్చి, అరియస్‌ని వెలివేశారు. గొడవ ఆగిందా? "హోమోయ్‌ఊసియోస్" అందాం, తండ్రి తత్త్వాన్ని పోలినవాడని సరిపెట్టుకుందాం అని తర్వాత ఇంకొందరు బయల్దేరారు. గ్రీకులో తేడా ఒక్క అయోటా, మన గుడిదీర్ఘమంత! సభకి డీకన్‌గా, అంటే బిషప్పు సహాయకుడిగా, వచ్చిన అథనేసియస్, తర్వాత బిషప్పయ్యి, నైసియా మాట దగ్గర రాజీపడక అయిదుసార్లు ప్రవాసం పోయాడు.

381లో కాన్‌స్టాంటినోపుల్ సభ దాకా ఇదే రగడ. ఆ నగరంలో రొట్టె ధర అడిగితే "తండ్రి గొప్పవాడు, కుమారుడు లోబడినవాడు" అని జవాబిచ్చేవాళ్ళని నిస్సా ఊరి బిషప్పు గ్రెగరీ విసుక్కున్నాడు.

సరస్సు ఒడ్డున సిమిత్ అనే గుండ్రటి రొట్టె కొన్నాను. బండివాడు ధర మాత్రమే చెప్పాడు. ఎదురుగా, సరస్సులో మునిగి 2014లో విమానం ఫొటోల్లో బయటపడ్డ బాసిలికా, అంటే పాత చర్చి, గోడలు, మోకాలెత్తు రాళ్ళు. వీడియో కాల్‌లో అమ్మకి చూపించాను.

"ఇంతేనా? సరే, నీళ్ళలోకి మాత్రం దిగకు" అంది.